దొడ్డుగున్నప్పటి మా యారాలు

మోకాళ్ళ నొప్పులకు మాత్రలు రాసి రాసి విసిగిపోయిన మా డాక్టరు, పోయిన నెల చీటీ పక్కన పెట్టేసి, "కాళ్ళల్లో కండ కరిగిపోయింది మేడం, జిమ్‌కు పోయి జర బరువులు ఎత్తండి" అన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషితో అనాల్సిన మాటేనా ఇది అని నేను ఆలోచించుకునేలోపే మా కోడలు బూట్లు కొనుక్కొచ్చింది. చీర కట్టుకుని, కింద బూట్లు తొడుక్కుని, పెర్కిట్‌లో హైవే పక్కన కొత్తగా పెట్టిన జిమ్‌కు ఆటోలో బయల్దేరాను. ఆటో అతను మర్యాదస్తుడు. నా కాళ్ళవైపు చూసి నవ్వు ఆపుకున్నాడే తప్ప ఏమీ అనలేదు. లోపల చలి, పాటల మోత, ఒక గోడ నిండా అద్దం. నా వంతు వచ్చేదాకా కూర్చోమని కుర్చీ వేశారు. నా ఎదురుగా కాలేజీ చదివే వయసున్న ఒక అమ్మాయి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, బనీను అంచు కొంచెం పైకి లాగి, నడుం దగ్గరి చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంటోంది. బియ్యంలో కనబడ్డ పురుగును చూసినట్టు చూస్తోంది. పక్కనున్న స్నేహితురాలు "నీకేమున్నదే, ఉత్త బక్కదానివి" అంటున్నా ఆ పిల్ల చెవికి ఎక్కడం లేదు. ఆ రెండు వేళ్ళను, ఆ చూపును నేను మా ఇంట్లో ఏళ్ళ తరబడి చూశాను. ఇక కూర్చోలేకపోయాను. బరువులు ముట్టుకోకుండానే ఇంటికి వచ్చేసి, పాటల మోతకు తలనొప్పి లేచిందని కోడలికి చెప్పాను.

ఆ చూపు మా ఆయన తమ్ముడి భార్యది. నాకు యారాలు. సిరికొండ అవతలి పల్లె నుంచి మా ఇంటికి చిన్నకోడలుగా వచ్చింది. నిండైన మనిషి. గుండ్రటి ముఖం, గట్టి భుజాలు, గాజులు ఒక పట్టాన ఎక్కని చేతులు. నవ్వితే ముందు భుజాలు కదిలేవి, తర్వాత పొట్ట కదిలేది, అదే మంచం మీద ఇంకెవరు కూర్చున్నా వాళ్ళూ కదిలేవాళ్ళు. తిండి అంటే ఆమెకు సిగ్గు లేదు, దాపరికం లేదు. జొన్నరొట్టెలు చేస్తూ మొదటి రొట్టె పొయ్యి దగ్గరే తినేసేది. అదేందే అని మా అత్తమ్మ అడిగితే, ఉప్పు చూస్తున్న అనేది. రొట్టెల ఉప్పెక్కడిదే అంటే, "గదే చూస్తున్న అత్తమ్మా, ఉన్నదా లేదా అని" అనేది. మా అత్తమ్మ నవ్వడం అరుదు. ఆమెను కూడా నవ్వించిన ఘనత మా యారాలిది.

మాకు ఊరి బయట కొంచెం పసుపు చేను ఉండేది. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టే రోజుల్లో మా ఇంట్లో మనుషులందరూ పచ్చగా ఉండేవాళ్ళు. గోళ్ళు పచ్చన, చీర అంచులు పచ్చన, తిన్న అన్నంలో కూడా ఆ ఘాటు. ఉడికిన పసుపు డ్రమ్ములోంచి తీసేటప్పుడు వచ్చే ఆవిరి వాసన కొందరికి కడుపులో తిప్పుతుంది. నేను బడిలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి సెలవు రోజుల్లో మాత్రమే ఆ ఆవిరిలో నిలబడేదాన్ని, అదీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. మా యారాలు మాత్రం కొంగు నడుముకు చుట్టి, కూలీలతో సమానంగా తట్టలు మోసేది. ట్రాక్టరు మీదికి బస్తా ఎక్కించాల్సి వస్తే ఇంకో మనిషి కోసం ఎవరూ చూసేవాళ్ళు కాదు. "మా చిన్నది ఒక్కతి ఉంటె సాలు, ఇద్దరు మొగోళ్ళున్నట్టె" అని మా అత్తమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. పసుపు పనులు లేనప్పుడు ఒడిలో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే నోరు దాని పని అది చేసేది. వాడకట్టులోని ముచ్చట్లన్నీ మా ఇంటికి ఆమె చేట దగ్గరికే వచ్చి చేరేవి.

మా మరిది మస్కట్‌లో ఒక కంపెనీలో బండి నడిపేవాడు. రెండేళ్ళకోసారి వచ్చి, ఇల్లంతా అత్తరు వాసన చేసి, వచ్చిన చుట్టాలు ఇంకా ఉండగానే వెళ్ళిపోయేవాడు. చెడ్డవాడు కాదు. భార్య మీద, కూతురి మీద ప్రేమ ఉన్నవాడే. నలుగురిలో ఒక మాట విసిరి నవ్వించడం అతనికి సరదా. ఆ సరదా మా ఇంట్లో అందరికీ తెలుసు, అందరికీ ఇష్టం కూడా.

ఒక శుక్రవారం మధ్యాహ్నం. అక్కడ అతనికి సెలవు. ఇక్కడ మేమందరం వరండాలో ఉన్నాం. యారాలు బీడీల చేట పక్కన పెట్టి వీడియో కాల్ మాట్లాడుతోంది. ఐదో తరగతి చదివే కూతురు ఆమె భుజం మీదుగా తల పెట్టి తండ్రిని చూస్తోంది. అతని వెనక గదిలో ఉండే మనుషులు నలుగురైదుగురు మంచాల మీద కూర్చుని ఉన్నారు. అతను ఉన్నట్టుండి, "ఏందే, గంత దొడ్డుగైనవ్? ఫోన్ జర దూరం పెట్టు, మొత్తం పడ్తలేవ్" అన్నాడు. వెనకాల ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకడు "అన్నా, పెద్ద టీవీ కొనాలె" అన్నాడు. వాళ్ళు ఇంకా నవ్వారు. మా అత్తమ్మ నవ్వింది. యారాలు అందరికంటే గట్టిగా నవ్వింది. ఫోన్ కొంచెం దూరం పెట్టింది. ఆ తర్వాత కూతురి చేతికిచ్చి, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మరుసటి వారమే జిమ్‌లో చేరింది. అప్పట్లో మా ఆర్మూర్‌లో ఆడవాళ్ళు జిమ్‌కు వెళ్ళడమంటే పెద్ద ముచ్చట. పాత పసుపు గోదాము మీద మేడ గదిలో ఉండేది అది. కింద బస్తాలు, పైన మనుషులు. మొగవాళ్ళు పొద్దున్నే చేసుకుని పోయాక, పిల్లలు బడికి వెళ్ళాక, ఆడవాళ్ళ వంతు. ఒక సెలవు రోజున తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. నైటీ మీద చున్నీ వేసుకుని వచ్చినవాళ్ళు, పంజాబీ డ్రెస్సు జేబులో తాళంచెవుల గుత్తి గలగలలాడించుకుంటూ పరుగెత్తేవాళ్ళు, నడిచే మిషన్ ఎక్కేముందు దానికి దండం పెట్టుకునే ఒక పెద్దమ్మ. దొంకేశ్వర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పిల్ల వీళ్ళకు కోచ్. వ్యాయామ విద్య చదువుకున్న పిల్ల, సన్నటి గొంతు, కానీ అందరూ ఆమె మాట వినేవాళ్ళు. మా యారాలు మొదటిసారి బరువు ఎత్తినప్పుడు ఆ పిల్ల ఇంకొంచెం బరువు పెట్టింది. మళ్ళీ ఎత్తితే ఇంకొంచెం. చివరికి చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తమ తమ కసరత్తులు ఆపి చూశారు. "అక్కా, నీకు గింత బలమున్నది! జర నేర్పిస్త, పోటీలకు పోదాం" అంది కోచ్ పిల్ల, కళ్ళు పెద్దవి చేసుకుని. మా యారాలి ముఖం చిన్నబోయింది. "బస్తాలు లేపుడు మా ఇంట్ల లేదా? నేను బక్కగయ్యేతందుకు వచ్చిన. గది చెప్పు" అంది. ఆ రోజు ఆ గదిలో అందరికంటే బలమైన మనిషి ఆమె. అది ఆమెకు తిట్టులా వినబడింది.

మొదటి కొన్ని నెలలు అందరికీ సంతోషంగానే గడిచాయి. మనిషి చురుకైంది. జాకెట్లు వదులైతే కుట్టు బిగించుకుంది. ఆ తర్వాత ఉపవాసాలు మొదలయ్యాయి. ముందు సోమవారం. తర్వాత గురువారం. శనివారం ఎలాగూ ఉండాలి కదా అంది. శుక్రవారం అమ్మవారిది. మా ఇంట్లో దేవుళ్ళు పెరుగుతున్న కొద్దీ పొయ్యి దగ్గర ఆమె కంచం కనబడటం తగ్గింది. మా అత్తమ్మ దాన్ని భక్తి అనుకుని మురిసిపోయింది. ఊరు ఇంకా మురిసిపోయింది. కిరాణా దుకాణం దగ్గర, గాజుల దుకాణం దగ్గర, పెళ్ళిళ్ళలో, ఆడవాళ్ళు ఆమెను ఆపి, "మస్తు తగ్గినవ్ గదా! ఎట్ల జేసినవ్?" అని అడిగేవాళ్ళు. అన్నేళ్ళుగా బీడీలు చుట్టింది, బస్తాలు ఎత్తింది, మొగుడు దగ్గర లేకుండా బిడ్డను పెంచింది. ఏనాడూ ఎవరూ దారిలో ఆపి బాగా చేస్తున్నావని అనలేదు. ఇప్పుడు తినకపోవడానికి ఊరంతా మెచ్చుకుంటోంది. అలాంటప్పుడు ఎవరైనా ఉపవాసాలు ఎందుకు మానుతారు?

కానీ ఆ మెచ్చుకోళ్ళు ఆమెకు పట్టేవి కావు. నా గదిలోని బీరువా అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, నడుం దగ్గర రెండు వేళ్ళతో పట్టి, "నిజం చెప్పక్కా, తగ్గిన్నా?" అని అడిగేది. తగ్గినవ్ అంటే, నా మనసు కోసం అంటున్నవ్ అనేది. ఇంకేం తగ్గుతవే, ఎముకలు తేలినయి అంటే, "ఎముకలు దొడ్డుగుంటే ఏం జేయాలె?" అనేది. హాస్యమాడుతోందనుకుని నవ్వబోయి ముఖం చూశాను. హాస్యం కాదు. ఎండాకాలంలో కూడా నిండు చేతుల జాకెట్లు వేసుకునేది. ఫోటో అంటే వెనక్కు జరిగి చంటిపిల్లలెవరినైనా ఎత్తుకుని అడ్డం పెట్టుకునేది. మస్కట్ నుంచి ఫోన్ వస్తే వీడియో తీసేసి, నెట్ వస్తలేదు అని చెప్పేది. ఇంకా కొంచెం తగ్గాక చూపిస్తానని నాతో అనేది. ఆ కొంచెం ఎప్పుడూ కొంచెంగానే మిగిలిపోయింది. ఆ ఏడు పసుపు ఉడకబెట్టేటప్పుడు తట్ట ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడింది. కూలీ ఆడవాళ్ళు నీళ్ళు చల్లి లేపారు. ఆవిరి పడలేదని చెప్పింది. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఆవిరిలోనే పెరిగిన మనిషి.

ముందుగా భయపడింది కోచ్ పిల్ల. ఒక రోజు పొద్దున నేరుగా మా ఇంటికి వచ్చింది. వరండాలో కూర్చోమన్నా కూర్చోలేదు. "అమ్మా, అక్క ఏం తింటలేదు. అడిగితే తిన్న అంటది. నేను జిమ్‌కు వద్దన్న. దవాఖానకు తీస్కపోండ్రి" అంది మా అత్తమ్మతో. మా అత్తమ్మకు కోపం వచ్చింది. "ఉపాసముంటె నీకేంది? బక్కగైతె నీకేంది? నీ పని నువ్వు చూస్కో" అంది. అప్పటికి మా యారాలు తలుపు దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. "నేను మంచిగనే ఉన్న. ఈమె ఊకె నన్ను దొడ్డుగ చేయాలని చూస్తది" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గేటు దాకా వెళ్ళి, నావైపు చూసి వెళ్ళిపోయింది. మరునాటి నుంచి మా యారాలు పొద్దున్నే హైవే పక్కన ఒక్కతే పరుగెత్తడం మొదలుపెట్టింది. లారీల గాలికి ఆమె ఊగిపోతోందని పాలు పోసే ఆమె వచ్చి చెప్పింది. ఆపుదామని మా ఆయన, నేను ఎన్ని విధాల చెప్పి చూసినా, వింటున్నట్టు తలూపేది. అంతే.

మరిది కూతురు మా బడిలోనే చదివేది. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ నేను వరండాలో నడుస్తుంటే, ఆ పిల్ల నల్లా వెనకాల కుక్కకు తన డబ్బాలోని అన్నం పెడుతోంది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి నా వేళ్ళలో వదులుగా తిరిగింది. ఆకలి కాదా అంటే తల దించుకుంది. చాలాసేపు బతిమాలాక చెప్పింది: "అమ్మ తింటలేదు గదా పెద్దమ్మా. నేను దొడ్డుగైతె బాపు నన్ను కూడ ఫోన్ల దూరం పెట్టుమంటడు. ఇంటికి రాడు."

ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చి, యారాలిని నా గదిలో కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విని ఆమె లేచి వెళ్ళింది. ఏడవలేదు. ఆ సాయంత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే కంచంలో అన్నం, పచ్చిపులుసు కలిపి, దానికో ముద్ద పెట్టి తనో ముద్ద తింది. మా అత్తమ్మ నావైపు చూసి ఊపిరి పీల్చుకుంది. పిల్ల కూడా నవ్వుతూ తిన్నది. తర్వాత యారాలు పెరట్లోకి వెళ్ళింది. నల్లా విప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది. తిన్నదంతా కక్కేసిందని కళ్ళు ఎర్రగా చేసుకుని లోపలికి వచ్చినప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి కూతురి ముందు రోజూ తినేది. రోజూ పెరట్లోకి వెళ్ళేది. బిడ్డ కోసం ఆమె చేయగలిగింది అంతే. అంతకంటే ఎక్కువ చేయగల శక్తి ఆమెలో మిగల్లేదు.

తర్వాతి ఎండాకాలంలో మా మరిది సెలవు మీద వచ్చాడు. నెల ముందు నుంచే యారాలు కొత్త చీరకు జాకెట్ కుట్టించుకుని, కుట్టు మళ్ళీ మళ్ళీ బిగించుకుంటోంది. హైదరాబాద్ విమానాశ్రయం నుంచి బండి వచ్చి ఇంటి ముందు ఆగింది. అతను దిగాడు. జుట్టుకు రంగు, ముందుకు వచ్చిన పెద్ద పొట్ట, రెండు గుండీల మధ్య తెరుచుకున్న చొక్కా. దిష్టి తీయడానికి పళ్ళెం పట్టుకుని మా యారాలు అందరికంటే ముందు నిలబడి ఉంది. అతను కూతుర్ని దగ్గరికి తీసుకుని, తల్లికి దండం పెట్టి, మాకందరికీ పలకరింపుగా తలూపి, అటూ ఇటూ చూసి, "అదేది? లోపలున్నదా?" అని అడిగాడు. యారాలు పళ్ళెం పట్టుకుని ఒక అడుగు ముందుకు వేసింది. అప్పుడు చూశాడు.

"గిదేందే, గిట్లైనవ్? పాణం బాగలేదా? ఒక్కలన్న నాకు చెప్పలేదేంది?" అన్నాడు. గొంతులో నిజమైన భయం.

"నువ్వే గదా అన్నవ్, దొడ్డుగైన అని" అంది ఆమె. వినబడీ వినబడనట్టు అంది. "ఫోన్ జర దూరం పెట్టుమన్నవ్."

"నేనా?" అతను తెల్లబోయాడు. "నేనెప్పుడన్న? నేనెందుకంట గట్ల?"

అబద్ధం కాదు. అతని ముఖం చూసిన ఎవరికైనా తెలుస్తుంది, అతనికి నిజంగానే గుర్తు లేదు. సాక్ష్యం కోసమన్నట్టు మా అందరి ముఖాలూ చూశాడు. మా అత్తమ్మ కొంగుతో నోరు మూసుకుంది. యారాలు దిష్టి తీయడం మానలేదు. మూడుసార్లు తిప్పి, నీళ్ళు బయట పారబోసి, పళ్ళెం కడిగి పెట్టి, లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట ఎవరు పిలిచినా లేవలేదు. అరిచి, ఏడ్చి, అతన్ని తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తిట్టడానికైనా ఎదుటి మనిషికి ఆ మాట గుర్తుండాలి.

అతని సెలవు అయిపోకముందే పెరట్లో తడి బండ మీద కాలు జారి పడింది. చిన్న పాటుకే తుంటి ఎముక విరిగింది. మా మరిది ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఆటోలోకి చేర్చాడు. ట్రాక్టరు మీదికి బస్తాలు ఎక్కించిన మనిషిని. "పిట్ట లెక్క ఉన్నదొదినె, బరువే లేదు" అని నాతో అంటూ అతను ఏడ్చేశాడు. నిజామాబాద్ దవాఖానలో డాక్టరమ్మ పరీక్షలు చేసి, ఎముకలు ముసలమ్మవి లాగా ఉన్నాయని, ఇది పెయ్యి జబ్బొక్కటే కాదు, మనసు జబ్బు కూడా అని, దానికి వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని చెప్పింది. మా మరిది సెలవు పొడిగించుకుని కొన్నాళ్ళు తీసుకెళ్ళాడు. అతను మస్కట్ వెళ్ళాక మేము తీసుకెళ్ళాం. కొంత నయమైంది. కక్కుకోవడం మానింది. పుట్టెడు తినే మనిషి గుప్పెడు తినడం నేర్చుకుంది. కానీ ఆ కాలు సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తుంది. పసుపు చేను కౌలుకు ఇచ్చేశాం.

ఆమె కూతురు ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. మంచిగా తింటుందని, మంచి పిల్లని అందరూ అంటారు. రోజూ ఫోన్ చేస్తుంది. మొదట అడిగే మాట, అమ్మ తిన్నదా అని. తండ్రితో కూడా ప్రేమగానే మాట్లాడుతుంది, కానీ వీడియో మాత్రం పెట్టదు. ఎందుకు పెట్టదో మా మరిదికి అర్థం కాదు. నెట్ వస్తలేదంటది వదినె అని నవ్వుతూ నాకు చెబుతాడు.

అతను పోయిన ఏడాది గల్ఫ్ పూర్తిగా మానుకుని వచ్చేశాడు. సాయంత్రాలు ఇంటి ముందు కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళతో ముచ్చట్లు పెడతాడు. భార్యకు మందులు తనే తెస్తాడు, బాగానే చూసుకుంటాడు. మొన్న జిమ్ నుంచి తిరిగి వచ్చిన సాయంత్రం నేను ఇప్పుడు వేరుగా ఉంటున్న వాళ్ళింటికి వెళ్ళాను. కొత్తగా అద్దెకు దిగిన ఒక ఆమె గుమ్మంలో నిలబడి, "అక్క మస్తు బక్కగున్నది, ఏమన్న బాగలేదా?" అని అడుగుతోంది. మా మరిది తేలిగ్గా నవ్వి, "మా ఆమెది మొదటి సంది గంతే. బక్క పెయ్యి" అన్నాడు. మా యారాలు గడప దగ్గర కూర్చుని చింతకాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు. కాదని అనలేదు. దొడ్డుగున్నప్పటి ఫోటోలన్నీ ఆమె ఎప్పుడో చింపేసింది, పెళ్ళి ఫోటోలతో సహా. చూపిద్దామన్నా ఇంట్లో ఒక్కటి లేదు. మంచం ఊగేలా నవ్విన ఆ మనిషి ఒకప్పుడు ఉండేదని చెప్పడానికి మా అత్తమ్మ కూడా ఇప్పుడు లేదు.

అతను రెండోసారి కూడా అబద్ధం చెప్పలేదు. నిజంగానే మరిచిపోయాడు, ఆ మాటనూ, ఆ మాట అనకముందు ఉన్న భార్యనూ. అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కోపానికి కూడా పట్టు దొరకలేదు. కాలం అందరికీ ఒకేలా గడుస్తుందని నేను బడిలో పిల్లలకు ఏదో పాఠంలో చెప్పే ఉంటాను. గడవదు. అన్నవాడికి ఆ మాట దాటి ఏళ్ళు వెళ్ళిపోయాయి. పడ్డ మనిషికి మాత్రం ఆ మధ్యాహ్నం పొద్దు ఇంకా వాలనే లేదు.